సంస్మరణలో చోటు దొరకని సేవ
విశ్రాంత ఉపాధ్యాయురాలు కన్నుమూసినప్పుడు వెలువడే సంస్మరణ ప్రకటనలు ఆమె హోదానూ, పిల్లల ఉద్యోగాలనూ (వారుండే విదేశీ నగరాలతో సహా) చెప్పి, కొలువు బయట ఆమె చేసిన సేవను వదిలేసి ఊరుకోవడం అన్యాయమే. 1988లో మొదలైన జాతీయ అక్షరాస్యతా మిషన్, అంటే ప్రధానంగా 15 నుంచి 35 ఏళ్ల వయోజనులకు చదవడం, రాయడం నేర్పడానికి కేంద్రం చేపట్టిన కార్యక్రమం, జీతం లేని స్వచ్ఛంద సేవకుల మీదే ఎక్కువగా ఆధారపడింది. నెల్లూరు జిల్లాలో ఆ మిషన్ కింద నడిచిన రాత్రి తరగతులు అందించిన చైతన్యంతోనే దూబగుంట గ్రామ స్త్రీలు సారాపై తిరగబడగా, ఆ ఉద్యమం రాష్ట్రమంతా పాకి 1993 అక్టోబరులో సారా నిషేధానికి దారితీసింది. ఇంట్లో అందరి భోజనాలూ ముగిశాక అటువంటి తరగతులకు బయలుదేరిన టీచరమ్మల శ్రమ సర్వీసు రిజిస్టరుకు ఎక్కదు, ఎందుకంటే అది కొలువులో చేసిన సేవనే లెక్కిస్తుంది. కాబట్టి ఆమె ఏ వాడలో ఎవరికి సంతకం నేర్పిందో ప్రకటనలో రాయించవలసినది కుటుంబమే.