బయట నిలువండి

1997–98లో పత్తికి పురుగు పట్టి వరంగల్లు మొదలైన చోట్ల రైతులు ప్రాణాలు తీసుకొన్నారు. అప్పుతోపాటు, నలుగురిలో పరువు పోతుందన్న దిగులు వారిని కుంగదీసింది. మన గురజాల వైపు మిరప, పత్తి వేసే కౌలు రైతుల యిండ్లలోను ఆ దిగులున్నది.

తాకట్టు తీసికొనబోయినవాడు సయితం పొరుగువాని యింట జొరబడక బయటనే నిలువవలెనని ధర్మశాస్త్రం (ద్వితీ. 24:10, 11). మరి సహాయం చేయబోయే మనమో? బోయజు పనివారిచేత పిడికెళ్లు కావాలనే జారవిడిపించాడు (రూతు 2:16). రూతు పరిగె ఏరుకొన్నదే గాని చెయ్యి చాపలేదు.

ప్రార్థన కూటంలో పేరెత్తి ప్రార్థించడం కూడ ఒక్కొక్కసారి దండోరాయే! మిరపకోతకు పిలిచి కూలి ముందే ఇవ్వండి. పిల్లవాని ఫీజు బడిలోనే కట్టి, ఎవరు కట్టారో చెప్పవద్దని హెడ్మాస్టరుగారిని కోరండి.