వంట అరగంట, తోముడు గంట!

వంట తొందరగా అయిపోవాలని అందరం కోరుకుంటాం. పత్రికల్లోనూ 'పది నిమిషాల్లో ఫలానా కూర' అని బోలెడన్ని వస్తుంటాయి. చదివి చేస్తే కూర పది నిమిషాల్లోనే అవుతుంది, కాదనను. కానీ ఆ తర్వాత ఒక్కసారి తోమే చోటికి వెళ్ళి చూడండి! కూర మూకుడు, పోపు మూకుడు, పప్పు గిన్నె, అన్నం గిన్నె, చింతపండు నానబెట్టిన గిన్నె, మిక్సీ జారు, నాలుగు గరిటెలు, వాటి మీద మూతలు... వీటిని తోమే టైము మాత్రం ఏ వంటల పేజీలోనూ లెక్కకు రాదు. అది ఆడవాళ్ళ టైము కదా, ఎవరు లెక్కపెడతారు!

ఇల్లందు, కొత్తగూడెం వైపు ఇళ్ళ సంగతే తీసుకోండి. 1871లో డాక్టర్ కింగ్ అనే భూగర్భ శాస్త్రవేత్త ఇల్లందు దగ్గర బొగ్గు జాడ కనిపెట్టారు. 1889 నుంచి తవ్వకం మొదలైంది. పక్కనున్న సింగరేణి ఊరి పేరే 1920లో కంపెనీ పేరైంది. ఆనాటి నుంచీ ఈ వైపు చాలా వంటిళ్ళకు గడియారం గోడ మీద లేదు, గని దగ్గరుంది. మొదటి షిఫ్టు పొద్దున ఏడింటికి, రెండోది మధ్యాహ్నం మూడింటికి, మూడోది రాత్రి పదకొండింటికి. ఆయన మొదటి షిఫ్టయితే ఆరు దాటకుండా బాక్సు కట్టాలి. తర్వాత పిల్లల బడి. మూడున్నర, నాలుగింటికి ఆయన ఆకలితో ఇంటికొస్తారు. మళ్ళీ రాత్రి వంట. షిఫ్టు మారగానే ఈ లెక్కంతా తలకిందులు! నాలుగుసార్లు పొయ్యి వెలిగిస్తే నాలుగుసార్లు గిన్నెలు పడతాయి. ఎండాకాలం వచ్చిందంటే చెప్పనే అక్కర్లేదు, బొగ్గు ఊళ్ళ ఎండ ఎలాంటిదో మీకు తెలుసు. బిందెలతో పట్టిపెట్టుకున్న నీళ్ళు తాగడానికా, తోమడానికా అన్న తగువు ఇంట్లోనే వస్తుంది.

కాబట్టి ఈ వారం వంట రుచి ఒక్కటే చూసుకోవద్దు, ఎన్ని గిన్నెలు పడతాయో కూడా లెక్కపెట్టుకుందాం.

మన పెద్దవాళ్ళకు ఈ లెక్క బాగా తెలుసు. తపాలచెక్కనే చూడండి. కరీంనగర్ వైపు సర్వపిండి అంటారు. పిండి కలిపేదీ, కాల్చేదీ ఒకటే గిన్నె! అడుగు మందంగా, వెడల్పుగా ఉన్న గిన్నె తీసుకోండి. అందులోనే రెండు గ్లాసుల బియ్యప్పిండి, గంటసేపు నానిన పిడికెడు శనగపప్పు, గుప్పెడు పల్లీలు, రెండు చెంచాల నువ్వులు, కాస్త జీలకర్ర, సన్నగా తరిగిన ఉల్లిగడ్డ, పచ్చిమిరప, కరివేపాకు, ఉప్పు, కారం వేసి గోరువెచ్చని నీళ్ళతో ముద్దగా కలపండి. చేత్తో తీస్తే విరగకూడదు, జారకూడదు, అదే కొలత. ముద్దను ఒక ఆకు మీదకు తీసి పెట్టి, గిన్నెను చేత్తోనే తుడిచి, లోపల నూనె రాసి, ముద్దలో సగం పల్చగా వత్తండి. వేలితో అక్కడక్కడ చిల్లులు పెట్టి, చిల్లుల్లో నాలుగు చుక్కల నూనె వేసి, మూత పెట్టి సన్న మంట మీద పది పన్నెండు నిమిషాలు ఉంచండి. తిప్పవలసిన పని లేదు. అడుగు ఎర్రగా కాలి, అంచులు దానంతటవే విడిపోతాయి.

చిక్కంతా రెండోదాని దగ్గరే! గిన్నె వేడిగా ఉంటే చెయ్యి కాలుతుంది, పిండి అంటుకోదు. చల్లారేదాకా కూర్చోవాలన్నా, నీళ్ళలో పెట్టాలన్నా ఈ రోజుల్లో విసుగే. నా మాట వింటే, మొదటిది కాలుతుండగానే రెండో ముద్దను నూనె రాసిన ఆకు మీద వత్తి సిద్ధంగా ఉంచుకోండి. మొదటిది తీయగానే ఆకుతో సహా బోర్లించి, ఆకు లాగెయ్యండి. గిన్నె చల్లార్చే పనే ఉండదు. ఇది బాక్సులోకి ఎంత బాగుంటుందో! కూర అక్కర్లేదు, చెయ్యి జిడ్డు కాదు, సాయంత్రం దాకా పాడవదు.

అన్నం లేనిదే కడుపు నిండదనే ఇళ్ళకు పులగం, పచ్చిపులుసు. గ్లాసు బియ్యం, అర గ్లాసు పెసరపప్పు కలిపి కడగండి. ఆ కడుగు పారబోయకండి, పనుంది. కుక్కరులోనే చెంచా నెయ్యి వేసి, జీలకర్ర, మిరియాలు, కరివేపాకు వేగనిచ్చి, బియ్యం పప్పు వేసి రెండు నిమిషాలు తిప్పి, నాలుగు గ్లాసుల నీళ్ళు, పసుపు, ఉప్పు వేసి మూడు విజిల్సు రానివ్వండి.

ఆ లోపు పచ్చిపులుసు. దీనికి పొయ్యి కూడా దాదాపు అక్కర్లేదు. వడ్డించే గిన్నెలోనే నిమ్మకాయంత చింతపండు నానబెట్టి, పిసికి, పిప్పి తీసెయ్యండి. ఉల్లిగడ్డ ముక్కలు ఉప్పుతో గట్టిగా నలిపి అందులో వెయ్యండి. మూడు పచ్చిమిరపకాయలు మంట మీదే కాల్చి చిదిమి వెయ్యండి, మూకుడెందుకు? కాస్త బెల్లం, ఉంటే వేయించిన నువ్వుల పొడి. పోపు ఇనుప గరిటెలో పెట్టి, చుయ్యిమనగానే గరిటెను గిన్నెలో ముంచి నాలుగుసార్లు తిప్పండి. పోపు దిగుతుంది, గరిటెకున్న జిడ్డూ వదులుతుంది. ఇంతా చేస్తే తోమవలసినవి కుక్కరు, ఒక గిన్నె, ఒక గరిటె.

ఇప్పుడు ఆ కడుగు సంగతి. కుక్కరు ఖాళీ కాగానే, మీరు ఇంకా తింటూ ఉన్నా సరే, అందులో కడుగు పోసి వదిలెయ్యండి. ఎండిన మెతుకు గీకడానికి పట్టే నీళ్ళూ, ఒంట్లో ఓపికా మిగులుతాయి. మెతుకుకూ, గుడ్డు సొనకూ చన్నీళ్ళు, జిడ్డుకు వేణ్ణీళ్ళు. గుడ్డు గిన్నెలో వేణ్ణీళ్ళు పోశారో, సొన ఇంకా గట్టిగా పట్టుకుంటుంది. పాలు కాచే గిన్నెను ముందు నీళ్ళతో తడిపితే అడుగంటదు. తోమేటప్పుడు గ్లాసులతో మొదలుపెట్టి నూనె మూకుడుతో ముగించండి, తిరగేసి చేస్తే పీచుకు పట్టిన జిడ్డు గ్లాసులన్నిటికీ పాకుతుంది.

తోమేది మీరేనా అన్నది ఇంకో ప్రశ్న. పదో తరగతి చదివే ఆడపిల్ల పుస్తకం మూసి గిన్నెల దగ్గరికి వెళ్ళాలి, ఇంటరు చదివే అబ్బాయి మాత్రం పళ్ళెంలోనే చెయ్యి కడుక్కుని లేచిపోవాలి. ఇది ఏ ఇంటి న్యాయమో నాకర్థం కాదు. ఎవరి పళ్ళెం వాళ్ళు కడుక్కోవాలన్న ఒక్క నియమం పెట్టి చూడండి, నలుగురున్న ఇంట్లో పూటకు నాలుగు పళ్ళేలు, నాలుగు గ్లాసులు మీ లెక్కలోంచి పోతాయి. పిల్లలు మొదటి వారం సణుగుతారు, సణగనివ్వండి. అందరూ తిన్నాక, అడుగున మిగిలింది నిలబడి తినే అలవాటు కూడా ఉంది కదూ మీకు? పులగం పూట అందరితో పాటు కూర్చోండి. వేడి అట్లు పోసి పెట్టేది కాదు, మధ్యలో లేవవలసిన పనే లేదు.

చుట్టాలొచ్చిన నాడు విస్తరాకులు వెయ్యండి. మన అడవుల వైపు మోదుగ ఆకుకు కొదవా? భద్రాచలం ఏజెన్సీలో అడ్డాకు కూడా కుడతారు. బజార్లో ప్లాస్టిక్ పూత పూసిన కాగితం ప్లేట్లు కొనకండి, అవి మట్టిలో కలవవు, పశువులు తింటే ప్రమాదం. ప్లాస్టిక్ ప్లేట్లు, గ్లాసులయితే 2022 జూలై 1 నుంచి దేశమంతా నిషేధమే. ఎండు విస్తరిలో వడ్డించే ముందు రెండువైపులా నీళ్ళు చల్లి పావుగంట ఉంచితే మెత్తబడి చిట్లదు. పచ్చిపులుసు పోసేటప్పుడు ముందు అన్నం గుట్టగా పెట్టి మధ్యలో గుంట చెయ్యండి. తిన్న ఆకులు పెరట్లో గుంత తీసి వేసి, పైన కాస్త మట్టి కప్పండి. వానలు పడ్డాక ఆ చోటే బీరపాదు పెట్టుకోవచ్చును.