పిల్లల కడుపునొప్పి వెనుక పెద్దల తగవు

బడికి బయలుదేరే వేళకు కడుపునొప్పి. ఎప్పుడో మానేసిన పక్క తడిపే అలవాటు మళ్ళీ మొదలవడం. ప్రభుత్వాసుపత్రి ఓపీకి ఇటువంటి బాధలతో పిల్లలను తీసుకొచ్చేవారు. పరీక్షలు చేయించవలసిందే. కాని అనేకసార్లు వాటిలో ఏమీ దొరకదు. ఇంటి సంగతి నెమ్మదిగా అడిగితే తల్లిదండ్రుల తగవు బయటపడుతుంది. అది నటన కాదు. మనసులోని భయం పేగుల కదలికను మార్చగలదు, బిడ్డకు అది నిజమైన నొప్పే.

"పిల్లల ముఖం చూసి సర్దుకో" అనడం మన కృష్ణా తీరపు పెద్దలకు పరిపాటి. ఈ మాటతో నేను పూర్తిగా ఏకీభవించలేను. అమెరికన్ మనస్తత్వ శాస్త్రవేత్త మేవిస్ హెదరింగ్టన్ దశాబ్దాల పాటు కుటుంబాలను పరిశీలించి, 2002లో తన గ్రంథం వెలువరించారు. తీవ్రమైన మానసిక, సాంఘిక సమస్యలు విడిపోయిన ఇళ్ళ పిల్లలలో సుమారు 25 శాతం మందికి, కలిసి ఉన్న ఇళ్ళలో సుమారు 10 శాతం మందికి ఉన్నాయని ఆమె లెక్క. మన సమాజానికి ఆ అంకెలు యథాతథంగా వర్తించకపోవచ్చు. ముప్పు ఉన్నదనే ఒప్పుకొందాం. అయినా ఎక్కువమంది నిలదొక్కుకున్నారన్నదీ అదే లెక్క. నిత్యం దెబ్బలు, తిట్లు చూసే బిడ్డకు ఆ కాపురం నిలవడమే మేలని చెప్పడానికి నాకు నోరు రాదు.

బిడ్డను ఎక్కువగా కుంగదీసేది కోర్టు తీర్పు కాదు, ఇద్దరి నడుమ తనను వార్తాహరుణ్ణి చేయడం. "డబ్బు ఎప్పుడు పంపుతాడో మీ నాన్ననడుగు", "అమ్మమ్మ ఇంటికి ఎవరెవరు వస్తున్నారు?" ఏ జవాబు చెప్పినా ఒకరికి ద్రోహమే. పెళ్ళిళ్ళలో "నీకు అమ్మ కావాలా, నాన్న కావాలా" అని చుట్టాలు వేళాకోళమాడటం నాకు పరమ రోత. ఐదారేళ్ళ పసివాడు తన అల్లరి వల్లనే నాన్న వెళ్ళిపోయాడనుకుంటాడు. పదమూడేళ్ళ పిల్ల తల్లికి ఓదార్పు చెప్పే పెద్దదిక్కవుతుంది. "ఎంత బుద్ధిమంతురాలో" అని మనం మెచ్చుకొంటాం, ఆమె కోల్పోయిన బాల్యం మన కంటికి ఆనదు.

1956 నాటి హిందూ మైనారిటీ, సంరక్షకత్వ చట్టం 13వ సెక్షను ప్రకారం సంరక్షణ విషయంలో బిడ్డ సంక్షేమమే ప్రధానం. ఉమ్మడి సంరక్షణకు చోటివ్వాలని 2015లో లా కమిషన్ తన 257వ నివేదికలో సూచించింది. హింస లేని చోట, ఆదివారం తండ్రి రాకను కక్షతో రద్దు చేయవద్దని తల్లులకు, వస్తానన్న నాడు తప్పక రమ్మని తండ్రులకు నా మనవి. వీలైతే ఇద్దరూ కలిసి కూర్చుని, "ఇందులో నీ తప్పు లేదు" అని చెప్పండి. ఒక్కసారి చెబితే చాలదు. బడి, నిద్రవేళ మారకుండా చూడండి.

ఈ లక్షణాలు వారాల తరబడి తగ్గకపోతే మానసిక వైద్యులకు చూపించండి. చచ్చిపోతానన్న మాట బిడ్డ నోట వస్తే ఒక్కరోజు కూడా ఆగవద్దు. టెలీ మానస్ 14416, చైల్డ్‌లైన్ 1098 నంబర్లకు ఫోను చేయడానికి ఖర్చు లేదు.