తోమారా... మార్కులు పోయినట్టే!

శ్రావణ శుక్రవారం దగ్గర పడుతోందంటే పూజగది పెట్టెలోంచి పాత వెండి రూపాయలు బయటికొస్తాయి. నాయనమ్మ దాచిన అయిదో జార్జి బొమ్మ రూపాయలు, వాటి మధ్య ఒకటో రెండో రాగి కానులు. వెండివాటిని విబూదితో, రాగివాటిని చింతపండుతో రుద్ది తళతళలాడించి అమ్మవారి ముందు పెడతారు. ఇంటివాళ్లకు అది భక్తి. నాణేలకు మార్కులు వేసే నిపుణుడు చూస్తే మాత్రం ‘అయ్యో!’ అంటాడు.

అవును, నాణేలకూ మార్కులుంటాయి. అమెరికాలో అదో పెద్ద వ్యాపారం. అక్కడి నాణేల సేకరణకర్తల సంఘం వేసవిలో ‘వరల్డ్స్ ఫెయిర్ ఆఫ్ మనీ’ పేరుతో జాతర లాంటి ప్రదర్శన పెడుతుంది. అలాంటి పెద్ద ప్రదర్శనల్లో పీసీజీఎస్, ఎన్‌జీసీ అనే గ్రేడింగ్ కంపెనీలు కౌంటర్లు తెరుస్తాయి. కొన్నిసార్లు గ్రేడర్లను కూడా వెంట తెస్తాయి. అప్పుడు మొదటిరోజు ఇచ్చిన నాణెం ప్రదర్శన ముగిసేలోగా చేతికి రావచ్చు. లేదంటే ఆఫీసుకు వెళ్లి రావాల్సిందే, దానికి వారాలు పడుతుంది. బ్రిటిష్ ఇండియా నాణేలనూ తీసుకుంటారు కాబట్టి అక్కడ స్థిరపడ్డ మనవాళ్లు నాయనమ్మ రూపాయితో ఆ వరుసలో నిలబడొచ్చు.

నిలబడే ముందు ఫారం నింపాలి. ఏ దేశం, ఏ సంవత్సరం, విలువ ఎంతనుకుంటున్నారు? ఆ విలువను బట్టీ, ఎంత తొందరగా కావాలన్నదాన్ని బట్టీ ఫీజు. నాణేన్ని అంచు పట్టుకునే తియ్యాలి, బొమ్మ మీద వేలు పడకూడదు. మెత్తటి పీవీసీ కవర్లో ఏళ్ల తరబడి ఉంచితే పచ్చటి జిగురు పట్టేస్తుంది. అందుకని వేరే రకం కవర్లో పెట్టి ఇవ్వమంటారు.

లోపల గ్రేడరుకు యజమాని పేరు తెలియదు. మసక గదిలో ఒక దీపం కింద నాణేన్ని అటూ ఇటూ తిప్పుతాడు. ముందు చూసేది అరుగుదల: రాజుగారి చెంప, కిరీటం లాంటి ఎత్తయిన చోట్లు. తర్వాత మెరుపు. టంకశాల నుంచి వచ్చిన అసలు మెరుపైతే నాణేన్ని తిప్పుతుంటే వెలుగు బండిచక్రం ఆకుల్లా తిరుగుతుంది. ఆ తర్వాత గీతలు, సంచిలో ఒకదానికొకటి తగిలిన దెబ్బలు. ఒకరు చూశాక ఇంకొకరు, చివరికి ఖరారు చేసే మరొకరు. అంకె తేలాక నాణేన్ని గట్టి ప్లాస్టిక్ డబ్బాలో పెట్టి సీలు వేస్తారు. సేకరణకర్తల భాషలో అది ‘స్లాబ్’.

మార్కులు నూటికి కాదు, డెబ్భైకి! విలియం షెల్డన్ అనే అమెరికన్ సైకాలజిస్టు 1949లో పాత రాగి సెంట్ల గురించి రాస్తూ పెట్టిన లెక్క ఇది. బాగా అరిగింది ఒక డాలరైతే మచ్చలేనిది డెబ్భై డాలర్లని ఆయన అంచనా. ధరలు ఎప్పుడో మారిపోయాయి, అంకె మాత్రం నిలిచిపోయింది. అన్నట్టు, ఈ షెల్డన్‌గారు న్యూయార్క్‌లోని నాణేల సంస్థలో మంచి సెంట్లు తీసేసుకుని వాటి చోట నాసిరకం పెట్టారని ఆయన పోయాక బయటపడింది. ఆ గొడవ కోర్టులకెక్కింది. మార్కుల పద్ధతి పెట్టినాయనే మార్చేశారన్నమాట!

అరవై నుంచి డెబ్భై దాకా అసలు వాడని నాణేలకే. కానీ సంచి దెబ్బలు తిన్న అరవై కంటే ఒకింత మాత్రమే అరిగిన యాభై ఎనిమిదే చూడటానికి ముద్దుగా ఉండొచ్చు. ఒకప్పుడు ఈ అంకెను అమ్మేవాడే చెప్పేవాడు. అమ్మేటప్పుడు ‘కొత్తది’, కొనేటప్పుడు ‘అరిగింది’. ఆ బాధ భరించలేకే 1986లో పీసీజీఎస్, మరుసటి ఏడు ఎన్‌జీసీ పని మొదలెట్టాయి.

అంకెకు అంత విలువా? శాన్‌ఫ్రాన్సిస్కో టంకశాలలో 1893లో వేసిన వెండి డాలర్లు లక్ష మాత్రమే. అరిగినవాటికీ వేల డాలర్లు పలుకుతాయి. అరవై ఏడు మార్కులొచ్చిన ఒకటి 2021లో ఇరవై లక్షల డాలర్లకు పైగా పలికింది. వేరే టంకశాల నాణేనికి ‘ఎస్’ అక్షరం అతికించి అమ్మేవాళ్లూ ఉన్నారు కాబట్టి అసలుదో నకిలీదో తేల్చడం గ్రేడరుకు మార్కుల కంటే ముందున్న పని.

ఇక మన విబూది సంగతి. రుద్దుడుకు పడిన సన్నటి గీతలు దీపం కింద జుట్టు పోగుల్లా కనిపిస్తాయి. అలాంటిదానికి అంకె ఇవ్వరు. ‘కడిగినది’ అని చీటీ రాసి, బొమ్మ ఏమాత్రం అరిగిందో మాత్రం చెబుతారు. కాసులపేరు కోసం కొక్కెం అతికించిన నాణేలదీ ఇదే గతి. విచిత్రమేమిటంటే, ఏళ్ల మీద వెండికి సహజంగా పట్టిన నీలం, ఊదా రంగులు అందంగా ఉంటే సేకరణకర్తలు ఎక్కువ ఇచ్చి మరీ కొంటారు. మనం మురికనుకుని వదలగొట్టేది దాన్నే.

అలాగని ప్రతి రూపాయినీ విమానమెక్కించనక్కర్లేదు. అయిదో జార్జి రూపాయిలో 11.66 గ్రాముల బరువుంటుంది, అందులో వెండి 91.7 శాతం. అందరిళ్లలో దొరికే సంవత్సరమైతే గ్రేడింగ్ ఫీజే నాణేన్ని మింగేస్తుంది. 1911 నాటిదైతే ఒకసారి ఆగి చూడాలి. రాజుగారి అంగీ మీది ఏనుగు పందిలా ఉందని జనం గొడవ చేస్తే మరుసటి ఏడు బొమ్మ మార్చారు. 1939 నాటి వెండి రూపాయైతే మరీ అరుదు.

ఇంతా చేసి స్లాబ్‌లో పెట్టించాక దాన్ని పగలగొట్టేవాళ్లూ ఉన్నారు. ఈసారి ఒక మార్కు ఎక్కువొస్తుందేమోనని కొందరు మళ్లీ పంపుతారు, ఒక్కోసారి వస్తుంది కూడా. మరికొందరికి మార్కుల గొడవే లేదు. ఆల్బంలో తమ చేత్తో పెట్టుకోవడానికి పగలగొడతారు.