అఖండదీపం – దర్శనవేళలు

చిరువ్యాపారం చేసేవారికి నేడు ఒక క్రొత్త నిత్యకర్మ వచ్చి చేరినది. ఉదయం వాట్సాప్ స్టేటస్, మధ్యాహ్నం ఫేస్‌బుక్ చిత్రం, రాత్రి ఇన్‌స్టాగ్రామ్ రీల్. ఒక దినం తప్పితే కొనుగోలుదారులు మరచిపోతారన్న భయం. తప్పక చేస్తే కొన్ని మాసాలకే దేహమూ మనస్సూ సడలిపోయే అలసట. నైరంతర్యానికి స్వీయదహనమే మూల్యమా? కానక్కరలేదని నా అభిప్రాయం. ఇందుకు శ్రీముఖలింగ క్షేత్రమే చక్కని దృష్టాంతం.

వంశధారా తీరంలోని ఈ గ్రామమే ప్రాచ్య గంగరాజుల కళింగనగరమని చరిత్రకారులు గుర్తించారు. ఇక్కడి మధుకేశ్వరాలయ శాసనాలలో అఖండదీప దానాలు అనేకం. ఆంధ్రదేశపు ఆలయాలలో ఈ దానం జరిగిన విధానం పరిశీలింపదగినది. దాత ప్రతిదినం నెయ్యి మోసుకొని గుడికి రానవసరం లేదు. ధనాన్నో, గోవులనో, గొర్రెలనో ఒకమారు మూలంగా సమర్పించేవాడు. ఆ మందను స్వీకరించినవారు దీపానికి నియతమైన కొలతలో నెయ్యి ఇస్తూ ఉండేవారు. మూలం నిలిచి ఉండగా దాని ఫలం మాత్రమే వ్యయమయ్యేది. దీపంలో కాలవలసినది నెయ్యి. నెయ్యి అడుగంటినప్పుడే వత్తి కాలిపోతుంది. అనుదినం శూన్యం నుండి ఏదో సృష్టించబోయే వర్తకుని స్థితి ఆ వత్తి స్థితియే.

మరి వర్తకునికి మూలధనం ఏది? అతని వృత్తిజ్ఞానమే. ఇదే శ్రీకాకుళం జిల్లాలో గాంధీజీ ప్రశంస పొందిన పొందూరు ఖాదీని విక్రయించే ఒక చిన్న దుకాణదారుని ఊహించుకొందాము. కొండపత్తి సేకరణ, వాలుగ చేప దవడతో పత్తిని శుభ్రపరచడం, గింజ తీయడం, దూది ఏకడం, ఏకులు చేయడం, రాట్నంపై సన్నని నూలు వడకడం, మగ్గంపై నేయడం: ఇవి ఏడు దశలు. వారానికొక దశను గూర్చి చెబితే ఏడు వారాలు. మాసానికొక పర్వం చొప్పున పన్నెండు. కొనుగోలుదారులు అడిగే సందేహాలకు సమాధానాలుగా మరొక పన్నెండు. సంవత్సరంలోని 52 వారాలలో 31 ఇట్లు పూర్తి అయినవి. తక్కిన 21 వారాలు చెప్పినదానినే మరల చెప్పవచ్చును. పునరుక్తి దోషమని సంకోచించనక్కరలేదు. గ్రంథతాత్పర్యాన్ని నిర్ణయించే ఆరు లింగాలలో అభ్యాసం, అనగా పునఃకథనం, ఒకటి కదా! పైగా నేడు క్రొత్తగా వచ్చిన కొనుగోలుదారునికి నిరుటి మాట క్రొత్తదే.

ఇక కర్మవిభాగాన్ని గమనింతము. వారానికొకమారు చెప్పడం నిత్యం. రథసప్తమికి అరసవల్లి వెళ్లేవారికోసమో, శివరాత్రి అనంతరం వంశధారలో చక్రతీర్థ స్నానానికి వచ్చేవారికోసమో చెప్పడం నైమిత్తికం. వేలమంది వీక్షించవలెనని తపించడం కామ్యం. కామ్యకర్మ సర్వాంగసంపూర్ణంగా జరగవలెననీ, నిత్యకర్మను యథాశక్తిగా చేసినా చాలుననీ మీమాంసకుల నిర్ణయం. కామ్యాన్ని నిత్యమని భ్రమించి, ప్రతిదినం సర్వాంగసంపూర్ణమైన రీలు కోసం ప్రయాసపడడమే అలసటకు హేతువు. పగటి వెలుగులో తీసిన ఒక స్పష్టమైన చిత్రం, ధరతో సహా నాలుగు సత్యవాక్యాలు: యథాశక్తికి ఇవి చాలును.

అనుదినం కనిపించనివారిని ఆ యంత్రమాధ్యమాలు వెనుకకు నెట్టివేస్తాయని కొందరు ఆక్షేపింపవచ్చును. ఈ వాదంలో కొంత సత్యం లేకపోలేదు. వినోదమే విక్రయవస్తువైనవారికి అది ప్రాణసంకటమే. కాని వస్త్రం కొనేవాడు అనుదినం వస్త్రం కొనడు. పండుగకో, వివాహానికో అవసరం కలిగినప్పుడు ఈ దుకాణం స్మరణకు రావడమే అతని విషయంలో ప్రధానం. ఆ స్మరణను నిలిపేది విశ్వాసం. రాత్రి రెండు గంటలవరకు మేల్కొని రీలు కూర్చినవాడు మరునాడు కొట్లో విసుగుతో బదులిస్తే, ఆ రీలు తెచ్చిన కొనుగోలుదారుడే తిరిగి వెళ్లిపోతాడు.

అభ్యాసం దృఢపడుటకు పతంజలి మహర్షి దీర్ఘకాలం, నైరంతర్యం, సత్కారం అనే మూడింటిని చెప్పాడు. నేటి వ్యాపారబోధకులు నడిమిదానిని మాత్రమే గ్రహించి తక్కిన రెండింటిని విడిచిపెట్టారు. పది సంవత్సరాలు సాగించలేని వేగం దీర్ఘకాలానికి విరుద్ధం. విసుగుతో చేసే పని సత్కారానికి విరుద్ధం. కనుక ఏ క్రమాన్ని స్వీకరించే ముందైనా, ఇంట్లో జ్వరం వచ్చిన వారంలోకూడా దీనిని నిర్వహించగలనా అని ప్రశ్నించుకోవలెను. లేదనిపిస్తే సంఖ్యను తగ్గించవలెను. మాసారంభంలో ఒక పూట కూర్చొని నాలుగు వారాలకు కావలసిన చిత్రాలూ మాటలూ సిద్ధపరచుకోవలెను. చిత్రం తీసే పని ఇంటిలోని మరొకరికి అప్పగించవలెను. అఖండదీపం సైతం దాత, పశుపాలకుడు, అర్చకుడు కలిసి నిలిపినదే.

ఆలయంలో దీపం అఖండమైనా దర్శనానికి వేళలున్నవి. రాత్రి ఏకాంతసేవ అనంతరం తలుపులు మూస్తారు. అందువలన భక్తులు ఆ దేవుని మరచిపోలేదు. వర్తకునికి అఖండంగా ఉండవలసినవి సరుకు నాణ్యత, మాటనిలకడ. తన దుకాణాన్ని లోకానికి చూపడానికి అతడు వేళలు నిర్ణయించుకొని, తక్కిన సమయం ఫోను ప్రక్కన పెట్టడంలో అధర్మమేమీ లేదు.