గంగవరం పోర్టులో మన వాటా ఏదీ?

దమ్మాయిగూడ, నాగారం, చర్లపల్లి బస్తీల్లో ఉంటున్న శ్రీకాకుళం, విజయనగరం, విశాఖ అన్నల్లారా, అక్కల్లారా! మనల్ని సొంతవాళ్ళలా చూసుకుంటున్న తెలంగాణ తోబుట్టువులారా!

రెండు నిమిషాలు ఆగండి. ఈ కాగితం చదవండి. చదివాక పక్కింటికివ్వండి.

తెల్లారకముందే టిఫిన్ డబ్బా పట్టుకొని కంపెనీకి పోతున్నాం. కొందరం ఉప్పల్‌లో, నాచారంలో బిల్డింగుల మీద సెంట్రింగ్ పనికి పోతున్నాం. నెల తిరిగేసరికి అద్దె, కరెంటు బిల్లు, చీటీ డబ్బులు! మిగిలింది ఊళ్ళో అమ్మకి. సంక్రాంతి వస్తే విశాఖ రైల్లో జనరల్ బోగీ, రాత్రంతా నిలబడే ప్రయాణం. ఎందుకొచ్చాం ఇంత దూరం? మనకి సముద్రం లేదా? ఓడలు రావట్లేదా? ఫ్యాక్టరీ లేదా?

అన్నీ ఉన్నాయి! మనవే ఒక్కొక్కటీ మన చేయి జారిపోతున్నాయి!

గంగవరం పోర్టునే చూడండి. దాని కథ ఉక్కుతో మొదలవుతుంది. విశాఖ ఉక్కు కోసం 1966లో రోడ్డెక్కి 32 మంది ప్రాణాలిచ్చారు. ఆ ఫ్యాక్టరీకి ఊళ్ళకి ఊళ్ళే భూములు వదులుకున్నాయి. చేతికి నిర్వాసితుల ఆర్ కార్డులిచ్చారు. ఉద్యోగం వస్తుందన్నారు. తండ్రి పేరు మీది కార్డు ట్రంకుపెట్టెలోనే ఉండగా కొడుకులకి నెత్తి నెరిసిన ఇళ్ళెన్ని లేవు? ఆ ఉక్కు పక్కనే, గంగవరం, దిబ్బపాలెం జాలర్ల ఒడ్డున, పోర్టు లేచింది. 2006లో మత్స్యకారులు అడ్డం తిరిగితే కాల్పులు జరిగాయి. ఒక ప్రాణం పోయింది. పడవ దించుకునే ఒడ్డు పోయింది. 2009లో పోర్టుకి ప్రారంభోత్సవం చేశారు. సుమారు 1800 ఎకరాల పోర్టు! 21 మీటర్ల లోతు! రెండు లక్షల టన్నుల ఓడ నేరుగా వచ్చి ఆగగలదు.

ఇంతటి పోర్టులో జనం తరఫున సర్కారు చేతిలో ఉండిందెంత? 10.4 శాతం. అంతే! ఆ కాస్తా ఎందుకు ముఖ్యమో ఊళ్ళో ఆస్తి పంపకాలు చూసిన ప్రతి ఒక్కరికీ తెలుసు. ఉమ్మడి ఆస్తిలో పదో వంతు ఉన్నవాడు కూడా పెద్దమనుషుల మధ్య కూర్చొని లెక్క అడుగుతాడు. వాటా అమ్ముకున్నవాడు గుమ్మం బయటే నిలబడతాడు.

2021లో మనల్ని గుమ్మం బయట నిలబెట్టారు! ఆ ఏడాది విదేశీ పెట్టుబడి సంస్థ 31.5 శాతం అదానీ కొనుక్కుంది, పాత యజమానుల 58.1 శాతానికీ ఒప్పందం చేసుకుంది. వాళ్ళ సొత్తు, వాళ్ళు అమ్ముకున్నారు, సరే. మరి మన 10.4 శాతం? దాన్నీ అదే అదానీకి, షేరు 120 రూపాయల లెక్కన, దాదాపు 645 కోట్లకి రాష్ట్ర ప్రభుత్వం అమ్మేసింది. బహిరంగ టెండరు పిలిచారా? గంగవరంలో గ్రామసభ పెట్టి అడిగారా? ఇంట్లో పాత సైకిల్ అమ్మాలన్నా నలుగురిని ధర అడుగుతామే!

యజమాని మారితే మనకేంటి అంటారా? కృష్ణపట్నం చూడండి. అదీ 2021కల్లా పూర్తిగా అదానీ చేతికి వెళ్ళింది. 2024 మొదట్లో అక్కడి కంటైనర్ ఓడలు తమిళనాడు పోర్టులకి మళ్ళాయి. నెల్లూరు జనం గగ్గోలు పెట్టారు. ఏ ఓడ ఎక్కడ ఆగాలో యజమాని తేలుస్తాడు. లోడింగ్ కూలీ, లారీ డ్రైవరు, టీ కొట్టువాడు పొట్ట పట్టుకొని చూస్తూ ఉండాలి!

గంగవరం కార్మికులు 2023 ఆగస్టులో నెలకి 36 వేల కనీస వేతనం అడిగారు. ఏమొచ్చింది? ముళ్ళకంచెలు, పోలీసులు, తోపులాటలు, గాయాలు! 2024 ఏప్రిల్‌లో మళ్ళీ సమ్మె. పోర్టు నుంచి ఉక్కు ఫ్యాక్టరీకి వెళ్ళే బొగ్గు ఆగింది, కొలిమి నీరసించింది. తప్పు కూలీలదా? కానే కాదు! కడుపు కాలినవాళ్ళు అడిగారు. పోర్టూ ఉక్కూ రెండూ జనం చేతిలో ఉంటే ఆ గొడవ ఒక్క బల్ల దగ్గర తేలేది.

గాజువాక, పెదగంట్యాడ ఆడవాళ్ళనడగండి. పోర్టు బొగ్గు దుమ్ము గురించి ఏళ్ళుగా మొత్తుకుంటున్నారు. ఆరేసిన బట్టల మీదా దుమ్మే, పిల్లల ముక్కుల్లోనూ దుమ్మే. లాభం ఒకరిది, దగ్గు మనదా?

తెలంగాణ అన్నా, ఇది ఆంధ్రావాళ్ళ గొడవ అనుకోకు! తెలంగాణకి సముద్రం లేదు. విదేశీ యూరియా ఆ ఒడ్డున కూడా దిగి నీ ఊరికి వస్తుంది. 2025 వానాకాలంలో యూరియా కోసం చెప్పులు లైన్లో పెట్టిన రైతు నీ ఇంట్లో లేడా?

సర్కారుకి నడపడం చేతకాదంటారు. పక్కనే విశాఖ పోర్టు 1933 నుంచి నడుస్తోంది, ఇవాళ్టికీ అది సర్కారుదే! ఇక్కడ ఈసీఐఎల్ చూడండి. 1967లో పెట్టిన ప్రభుత్వ కంపెనీ. దాని చుట్టూ ఎన్ని కాలనీలు, ఎన్ని కొట్లు, ఎన్ని ఇళ్ళల్లో చదువులు! మరి అలాంటి సర్కారు కంపెనీలే ఆల్విన్, ఐడీపీఎల్? కాలనీ పేర్లుగా మిగిలాయి. మన కళ్ళ ముందే!

ఇప్పుడు ఉక్కు వంతు. 2021 జనవరి 27న కేంద్రం నూటికి నూరు శాతం అమ్మాలని తీర్మానించింది. 2025 జనవరిలో 11,440 కోట్ల ప్యాకేజీ ప్రకటించింది. సంతోషం. మరి ఆ అమ్మకం తీర్మానం? దాన్ని రద్దు చేస్తూ కాగితం కావాలి!

ఇక మళ్ళీ పోర్టు సంగతి. ఒప్పందం ప్రకారం పోర్టుని కట్టి, నడిపి, గడువు తీరాక సర్కారుకి అప్పజెప్పాలి. పొడిగింపులు కలిపితే ఆ గడువు 2059 దాకా సాగుతుంది. ఇప్పుడు ఐదో తరగతి చదివే మన పాపకి అప్పటికి నలభై దాటుతాయి! పొడిగింపు ఇవ్వొద్దు. అమ్మిన వాటా తిరిగి కొనండి. ఆర్ కార్డు ఇళ్ళకి పని ఇవ్వండి. ఒడ్డు మీద జాలరికి దారి వదలండి. మనం అడిగేది ఇదే.

ఈ ఆదివారం సాయంత్రం 5 గంటలకి దమ్మాయిగూడ చౌరస్తాకి రండి. సంతకాలు పెడదాం, ఆ కాగితాలు విశాఖ రైలెక్కిద్దాం. ఇంట్లో ఆర్ కార్డు జిరాక్సు ఉంటే తెచ్చుకోండి. పిల్లల్ని తీసుకొనే రండి అక్కా, నీడా నీళ్ళూ మేం చూస్తాం. రెండో షిఫ్టులో ఉన్నవాళ్ళు కంగారు పడొద్దు, రాత్రి పదిన్నరకి మీరు దిగేదాకా మనవాళ్ళు ఆ కాగితాలతో అక్కడే ఉంటారు.

మీ సాటి వలస కూలీలు,
దమ్మాయిగూడ