రొట్టెల పండుగ – చిరువర్తకుల లెక్క

ముహర్రం మాసం వచ్చిందంటే నెల్లూరికి వచ్చే బస్సులలోను, రైళ్లలోను ఒడిలో రొట్టెల మూటతో ఎవరో ఒకరు కనబడతారు. స్వర్ణాల చెరువు గట్టున ఉన్న బారాషహీద్ దర్గాలో పండ్రెండుగురు అమరవీరుల సమాధులున్నాయి. సందల్ మాలితో ఆరంభమై, గంధమహోత్సవంతో ఉత్సాహం పుంజుకొని, అయిదు దినాలు సాగే ఈ పండుగను 2015లో ప్రభుత్వం రాష్ట్ర పండుగగా ప్రకటించింది. మతభేదం పాటించక అందరూ ఆ చెరువునీటిలో దిగి నిలుస్తారు. ఈ పండుగ మహిమను గూర్చి పెద్దలు అనేకులు వ్రాశారు. నేను వ్రాయబూనినది దానిని ఆసరా చేసుకొని బ్రతికే చిరువర్తకులను గురించి.

ముందుగా రొట్టె సంగతి. చదువు కావలసినవారు విద్యా రొట్టెను, కొలువు కోరేవారు ఉద్యోగ రొట్టెను, బిడ్డలు లేనివారు సంతాన రొట్టెను పట్టుకొంటారు. కోరిక ఈడేరినవారు మరుసటి పండుగకు వచ్చి అదే పేరుగల రొట్టెను మరొకరి చేతిలో పెడతారు. ఈ ఇచ్చిపుచ్చుకోవడంలో పత్రం లేదు, పూచీకత్తు లేదు. ఇచ్చినవారెవరో తీసుకొన్నవారికి తెలియదు. అయినను ఆ బాకీని తీర్చడానికి ఎంతో దూరం నుండి మనుష్యులు వస్తూనే ఉన్నారు. వర్తకానికి మూలమైన నమ్మకం ఇంత నిర్మలంగా కనబడే చోటు అరుదు.

ఇక చెరువు దాటి అంగళ్ల వైపు చూడండి. గాజులు, పూసలు, బొమ్మలు, పూల చాదర్లు, అగరువత్తులు, చక్కెర, బొరుగులు, హల్వా, బజ్జీలు, టీ. వీటిని అమ్మేవారిలో శాశ్వతమైన దుకాణం లేనివారు ఎందరో. తోపుడు బండి, గొడుగు, నేలమీద పరచిన పట్ట – అదే వారి ఆస్తి. మా వీధిలో గాజులమ్మే అవ్వ ఒకరున్నారు. పండుగకు పదినాళ్ల ముందు వడ్డీకి అప్పు తెచ్చి సరుకు కొంటారు. “మొదటి రెండు రోజుల బేరం వడ్డీవానిది, మూడోనాటిది సరుకుది, కడపటి రెండు రోజులదే నాది నాయనా” అని ఆమె చెప్పిన లెక్కను నేను మా వాణిజ్యశాస్త్ర గ్రంథాలలో చదవలేదు. ఆ కడపటి రెండు రోజులలో వాన కురిసిందా, ఆమెకు మిగిలేది అప్పే.

వాన మాట ఊరకే అనలేదు. సంక్రాంతి ఏటా జనవరి నడుమనే వస్తుంది. దాని బేరం ఎప్పుడో వర్తకులకు కంఠస్థం. హిజ్రీ సంవత్సరానికి 354 లేక 355 దినాలే గనుక ముహర్రం ఏటా పది పన్నెండు రోజులు ముందుకు జరుగుతుంది. సుమారు 33 సంవత్సరాలలో ఋతువులన్నింటిని చుట్టివస్తుంది. 2012 మొదలు 2014 వరకు ఈ పండుగ నవంబరులో వచ్చింది. అది మన తీరానికి వాయుగుండాల కాలం. 2024, 2025లలో జూలైలో వచ్చింది. అది బిడ్డల ఫీజులు, పుస్తకాల ఖర్చుతో తల్లిదండ్రుల చేయి వట్టిపోయే కాలం. 2029, 2030లలో మే నెలలో రానున్నది. అది వడగాడ్పుల కాలం. అప్పుడు పూలు పూటకే వాడిపోతాయి, మిఠాయి నిలువ ఉండదు, నీటికి, నీడకు గిరాకి హెచ్చుతుంది. పండుగ ఒక్కటే, ఒక్కొక్క కాలానికి ఒక్కొక్క సరుకు, ఒక్కొక్క అపాయం. పెద్ద వర్తకుడు ఒక యేటి నష్టాన్ని మరొక యేటి లాభంతో పూడ్చుకోగలడు. అయిదు దినాల బేరం మీద అప్పు తెచ్చినవారికి ఆ అవకాశం లేదు. కరోనా మూలంగా 2020లో చెరువుగట్టు బోసిపోయినప్పుడు ఈ సత్యం మనకు కళ్లకు కట్టింది.

“పవిత్రమైన ఉత్సవం సంతగా మారిపోయినది, అంగళ్లను తొలగించితే మేలు” అని కొందరు పెద్దలు అంటారు. వారి ఆవేదనను నేను గౌరవిస్తాను గాని, వారి తీర్పుతో ఏకీభవించలేను. జనం కూడినచోట ఆకలి, దప్పిక ఉంటాయి. అంగడి ఉండక తప్పదు. ఇస్లాం ప్రవక్తవారు స్వయంగా వర్తకం చేసినవారు. తూకంలో మోసగించేవారిని ఖండిస్తూ పవిత్ర ఖురానులో ఒక అధ్యాయమే, 83వది, ఉన్నది. కాబట్టి దోషం వర్తకంలో లేదు, వంకర తూకంలో ఉన్నది. ఊరు తెలియని యాత్రికుని వద్ద రెట్టింపు ధర గుంజడం, చెరువుపాలయ్యే ప్లాస్టిక్ సంచులలో సరుకు కట్టి ఇవ్వడం – ఇవి నివారించదగినవి. వీటికి మందు బీదవాని బండిని తరిమివేయడం కాదు.

మరి చేయదగినదేమి? చిరువర్తకులకు చోటు ముందుగానే కేటాయించి, దాని బాడుగ వారి శక్తికి తగినట్లు నిర్ణయించవలె. ప్రతి అంగడి ముందు ధరల పలక తెలుగులోను, ఉర్దూలోను వ్రేలాడవలె. పండుగ సరుకుకై స్వల్పకాలపు ఋణాలను తక్కువ వడ్డీకి బ్యాంకులు, సహకార సంఘాలు ఇవ్వగలిగితే, అవ్వ చెప్పిన లెక్కలోని మొదటి రెండు రోజులు కూడా ఆమెవే అవుతాయి.

ఇందులో మన కళాశాల వంతు కూడా ఉన్నది. వాణిజ్యశాస్త్ర విద్యార్థులు పదిమంది ఆ అయిదు దినాలు అంగళ్ల వెంట తిరిగి, ఎవరు ఎంత అప్పు తెచ్చారు, ఎంత అమ్మారు, ఏమి మిగిలింది అని వారి అనుమతితో, పేర్లు లేకుండా వ్రాసిపెట్టితే, అధికారుల ముందుంచడానికి అంతకంటె గట్టి ఆధారం ఉండదు. ధరల పలకలు రెండు లిపులలో వ్రాయగల విద్యార్థులు మన తరగతులలోనే ఉన్నారు. ఇందుకు కళాశాల కమిటీవారు అనుమతిని, కొద్దిపాటి కాగితపు ఖర్చును మంజూరు చేయవలసిందిగా సవినయంగా ప్రార్థిస్తున్నాను.

విద్యార్థి మిత్రులారా, మీలో ఎందరి తల్లులు మీ కొరకు విద్యా రొట్టె పట్టుకొన్నారో నాకు తెలియదు. మా అమ్మ పట్టుకొన్నది. నా చదువు సాగుతున్నది గనుక ఆ రొట్టెను తిరిగి ఇవ్వవలసిన బాధ్యత నాది. గోధుమపిండితో చేసిన రొట్టెను అమ్మ చేతి మీదుగా ఎవరికో ఇస్తాను. దానితోపాటు అవ్వ లెక్కను ఒక కాగితం మీద సరిగా వ్రాసి ఇవ్వగలిగినప్పుడే నా బాకీ తీరినట్లని భావిస్తున్నాను.